గేటు పడ్డా ఆగని ఇంజిన్

1953 ఏప్రిల్ 2, గురువారం. తెల్లవారితే గుడ్ ఫ్రైడే. స్టట్‌గార్ట్ శివార్లలోని జుఫెన్‌హౌసెన్‌లో అందరూ పండగ హడావుడిలో ఉన్నారు. పోర్షే కార్ఖానాలో మాత్రం టెస్ట్ బెంచ్ మీద ఓ కొత్త ఇంజిన్ ఎక్కింది. దానికింకా పేరు పెట్టలేదు. టైప్ 547, అంతే. దాన్ని గీసిన ఎర్న్‌స్ట్ ఫూర్మన్‌కు అప్పటికి ముప్పై అయిదేళ్లు నిండలేదు.

సాధించాల్సిన లెక్క కాగితం మీద తేలిగ్గానే ఉంది. అప్పట్లో పోర్షే అమ్ముతున్న కార్లలో పెద్దదనదగ్గ 1500 సీసీ ఇంజిన్ ఇచ్చేది 70 హార్స్‌పవర్. అదే 1500 సీసీలోంచి వంద దాటించాలి. ఆ రోజు బెంచ్ మీద ఇంజిన్ వంద దాటింది. రేసు కారుకు ఎక్కేనాటికి 110 హార్స్‌పవర్‌ దగ్గర కుదురుకుంది.

ఎందుకంత గొప్ప సంగతి? ఆ ఇంజిన్‌కు నీళ్లు లేవు. రేడియేటర్ లేదు, వాటర్ పంపు లేదు. బుల్లెట్ బండి సిలిండర్ చుట్టూ పలకలు పలకలుగా ఉండే రెక్కలు మనం చూస్తూనే ఉంటాం కదా, దీని సిలిండర్లకూ అవే రెక్కలు. బుల్లెట్‌కు దారిలో తగిలే గాలి చాలు. ఈ ఇంజిన్ కారు వెనక భాగంలో మూతకింద ఉంటుంది కాబట్టి రెండు వైపుల నుంచీ గాలి లాగే ఫ్యాన్ ఒకటి పెట్టి, రేకు గొట్టాల దారిన ఆ గాలిని ప్రతి రెక్క సందులోకీ తోలాలి. నీటితో పోలిస్తే గాలి వేడిని మోసుకెళ్లే శక్తి చాలా తక్కువ. బలం పెంచిన కొద్దీ వేడి పెరుగుతుంది. వేడి బయటికి పోకపోతే పిస్టన్ కరుగుతుంది. గాలితో చల్లబడే ఇంజిన్‌ను రేసుకు తయారుచేయడమంటే ఈ ఒక్క చిక్కుతోనే రాత్రింబవళ్లు పోరాడటం.

బలం పెంచడానికి ప్రధానంగా రెండు దారులు. ఇంజిన్ సైజు పెంచాలి, లేదా వేగంగా తిప్పాలి. రేసు తరగతి 1500 సీసీకి కట్టుబడి ఉంది కనుక మొదటి దారి మూసుకుపోయింది. రెండో దారికి వాల్వులు అడ్డం వచ్చాయి. అప్పట్లో పోర్షే అమ్ముతున్న 356 కారు ఇంజిన్ ఫోక్స్‌వాగన్ బీటిల్ వంశంలోది. వాల్వులను కదిలించే కామ్‌షాఫ్ట్ అడుగున ఉంటుంది. అక్కడి నుంచి పొడవాటి పుష్‌రాడ్లు, రాకర్లు కదిలి హెడ్డులోని వాల్వులను తెరవాలి. నిమిషానికి 7000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ప్రతి వాల్వూ సెకనుకు 58 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. అంత జోరులో పుష్‌రాడ్ల బరువే వాటికి శత్రువు. కామ్ చెప్పినట్టు వాల్వు వినదు. మూసుకోవాల్సిన వేళకు గాల్లో తేలుతుంటుంది.

ఫూర్మన్‌కు ఇది కొత్త విషయం కాదు. వియన్నాలో పుట్టి, 1947లో ఆస్ట్రియాలోని గ్ముండ్‌లో పోర్షే బృందంలో చేరిన ఈయన డాక్టరేట్ చేసిందే వేగంగా తిరిగే ఇంజిన్ల వాల్వు యంత్రాంగం మీద. 1950లో పట్టా వచ్చింది. ఆ సిద్ధాంతాన్ని ఇనుములోకి, అల్యూమినియంలోకి దించే అవకాశం రెండేళ్ల తర్వాత కంపెనీ అధిపతి ఫెర్రీ పోర్షే ఇచ్చారు.

ఫూర్మన్ పుష్‌రాడ్లు తీసేశాడు. ఒకటి ఉన్న చోట నాలుగు కామ్‌షాఫ్టులు పెట్టి, వాటిని సరాసరి హెడ్డుల్లోకి ఎక్కించాడు. పైన ఇన్‌లెట్ వాల్వులకు, కింద ఎగ్జాస్ట్ వాల్వులకు. వీటిని తిప్పడానికి గొలుసు వాడలేదు. క్రాంక్ కింద ఒక షాఫ్టు, దాని నుంచి కుడికి ఒకటి, ఎడమకు ఒకటి, అక్కడి నుంచి మళ్లీ పైకి చిన్న షాఫ్టులు. ప్రతి మలుపులోనూ బెవెల్ గేర్లు. సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు. 85 మిల్లీమీటర్ల బోరులో మంట ఒక మూల నుంచి అంటుకుంటే అవతలి మూలకు చేరేసరికి ఆలస్యమవుతుంది. ఈలోగా వేడెక్కిన హెడ్డులో మిగతా పెట్రోలు ఆవిరి తనంతట తాను పేలొచ్చు. రెండు చోట్ల నిప్పు పెడితే ఆ ప్రమాదం తగ్గుతుంది. క్రాంక్‌షాఫ్టు కూడా మామూలుది కాదు. స్టట్‌గార్ట్‌కే చెందిన హిర్త్ పద్ధతిలో ముక్కలు ముక్కలుగా చేసి, పళ్లలో పళ్లు కూర్చి, బోల్టులతో బిగించింది. అలా చేస్తేనే కనెక్టింగ్ రాడ్లలో రోలర్ బేరింగులు పడతాయి.

గెలుపు కథల్లో డ్రైవర్ల పేర్లే మిగులుతాయి. ఈ ఇంజిన్ విషయంలో అది న్యాయం కాదని నా నమ్మకం. ఒక్కో ఇంజిన్ కూర్చడానికి ఫిట్టరుకు దాదాపు 120 గంటలు పట్టేదని చెబుతారు. ఒక్క టైమింగ్ సరిపెట్టడానికే ఒక పూట కాదు, ఒక రోజు పోయేది.

ఆ పని దగ్గర నుంచి చూద్దాం. ఫిట్టరు ఒక బెవెల్ గేరును దాని జోడీ మీద ఆనించి, వేళ్లతో అటూ ఇటూ ఆడిస్తాడు. రెండు పళ్ల మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. ఎక్కువైతే గేరు టకటకమని కొట్టుకుని కామ్ గతి తప్పుతుంది. తక్కువైతే వేడెక్కినప్పుడు బిగుసుకుపోతుంది. గాలితో చల్లబడే ఇంజిన్‌లో వేడికి సిలిండర్లు పొడుగవుతాయి, హెడ్డులు క్రాంక్‌కు దూరం జరుగుతాయి. ఆ జరుగుబాటు కూడా ముందే లెక్కలో ఉండాలి. సందు సరిచేసే పల్చటి రేకు, షిమ్ము, ఒకటి వేస్తాడు. కొలుస్తాడు. విప్పుతాడు. ఇంకో షిమ్ము వేస్తాడు. ఇక్కడ సరిచేస్తే పక్క గేరు దగ్గర లెక్క మారుతుంది. ఒక్క పన్ను తేడాతో కూర్చి స్టార్ట్ చేశాడా, వాల్వు వెళ్లి పిస్టన్‌ను గుద్దుతుంది. వారాల కష్టం క్షణంలో తుక్కవుతుంది. ఇవాళ్టికీ ప్రపంచంలో కొద్దిమందే ఈ ఇంజిన్‌ను విప్పి మళ్లీ కూర్చగలరు. వాళ్లూ ఈ వరసలోనే వెళ్లాలి, అడ్డదారి లేదు. హిర్త్ క్రాంక్ వంకర లేకుండా నిలిచిందని తేలాకే మిగతా పని మొదలవుతుంది.

1953 ఆగస్టులో ఫ్రైబుర్గ్ కొండదారి పోటీలో వెటరన్ డ్రైవర్ హాన్స్ స్టక్ ఈ ఇంజిన్ పెట్టిన కారును నడిపాడు. అసలు పరీక్ష మరుసటి ఏడాది మేలో, ఇటలీలో వచ్చింది.

మిల్లే మిలియా అంటే బ్రెషా నుంచి రోమ్ మీదుగా తిరిగి బ్రెషాకే చేరే పందెం, సుమారు 1600 కిలోమీటర్లు. అన్నీ మామూలు రోడ్లే, ఊళ్ల మధ్య నుంచే. ఈ ఇంజిన్ పెట్టిన పోర్షే 550 స్పైడర్ స్టీరింగ్ ముందు హాన్స్ హెర్మన్, ఇరవై ఆరేళ్లవాడు. కేకులూ పేస్ట్రీలూ చేసే పనిలో శిక్షణ పొంది రేసుల్లోకి వచ్చినవాడు. పక్క సీట్లో హెర్బర్ట్ లింగె. ఈయన పోర్షేలో అప్రెంటిస్‌గా చేరి మెకానిక్ అయినవాడు. ఇలాంటి ఇంజిన్‌తో అంత దూరం వెళ్లేటప్పుడు దాని చప్పుడులో తేడా కనిపెట్టే చెవి పక్కనే ఉండటం చిన్న విషయం కాదు.

దారిలో ఒక రైల్వే క్రాసింగ్ వచ్చింది. కారు పూర్తి వేగంలో ఉంది. గేటు పడిపోయింది. రోమ్ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ వచ్చేస్తోంది. బ్రేకు వేస్తే కారు ఆగేది పట్టాల మీదే అని హెర్మన్‌కు అర్థమైపోయింది. చెయ్యెత్తి లింగె హెల్మెట్ మీద వెనక నుంచి ఒక్క చరుపు చరిచాడు. మాట్లాడే వ్యవధి లేదు. ఇద్దరూ తలలు దించి డాష్‌బోర్డు కిందికి ముడుచుకుపోయారు. కారు మొదటి గేటు కొయ్య కింద నుంచి దూరి, పట్టాలు దాటి, రెండో కొయ్య కింద నుంచి బయటపడింది. ఆ వెనకే రైలు దూసుకుపోయింది.

ప్రాణాలు దక్కడానికి హెర్మన్ తెగింపు ఎంత కారణమో, ఆ కారు ఎత్తు కూడా అంతే కారణం. నాలుగు సిలిండర్లూ ఎదురెదురుగా నేలబారుగా పడుకుని ఉండే ఇంజిన్ అది. ముందు రేడియేటర్ లేదు కనుక ముక్కు రోడ్డుకు ఆనినంత కిందికి వంచగలిగారు. హెర్మన్, లింగె ఆ పందెంలో తమ తరగతిలో గెలిచారు. తమకంటే ఎంతో పెద్ద ఇంజిన్లున్న కార్ల మధ్య మొత్తమ్మీద ఆరో స్థానంలో వచ్చారు.

అంతా గెలుపే అనుకోవద్దు. ఆరు వారాల్లో లె మాన్స్ 24 గంటల పందెంలో ఈ ఇంజిన్లకు చేదు అనుభవం ఎదురైంది. పిస్టన్లకు చిల్లులు పడ్డాయి. గాలితో చల్లబడే ఇంజిన్‌లో నిప్పురవ్వ కొన్ని డిగ్రీలు ముందుగా పడినా వేడంతా పిస్టన్ తల మీదే దిగుతుంది, దాన్ని అప్పటికప్పుడు లాక్కునే నీరు లేదు. హెర్మన్ కారు కూడా మధ్యలోనే ఆగిపోయింది. జానీ క్లాయెస్, పియెర్ స్టాస్ నడిపిన కారు మాత్రం కుంటుకుంటూ గీత దాటి తన తరగతిలో గెలిచింది. ఈ చేదు అనుభవం గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నవంబరులో మెక్సికోలో జరిగింది దీని తర్వాతిదే.

కరేరా పానామెరికానా. మెక్సికో దక్షిణాన టుక్స్‌ట్లా గుటియెరెజ్ నుంచి ఉత్తర సరిహద్దులోని సియుడాడ్ హువారెజ్ దాకా అయిదు రోజుల పరుగు, 3000 కిలోమీటర్ల పైన. ఎండ, దుమ్ము, గాలి పల్చబడే ఎత్తైన కొండలు. గాలినే నమ్ముకున్న ఇంజిన్‌కు అంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు. గెలిచింది ఉంబెర్తో మాలియోలి, దాదాపు 5 లీటర్ల ఫెరారీతో. రెండోదీ ఫెరారీయే. మూడో స్థానంలో హెర్మన్, ఒకటిన్నర లీటర్ల పోర్షేతో. అతని వెనకే ఇంకో స్పైడర్‌లో యారోస్లావ్ యుహాన్. ఆ పందెం పేరునే పోర్షే తర్వాత తన కార్లకు పెట్టుకుంది. 1955లో ఇదే నాలుగు కామ్‌ల ఇంజిన్‌తో 356 కరేరా బజారులోకి వచ్చింది.

ఆ ఏడాది సెప్టెంబరులోనే హాలీవుడ్ నటుడు జేమ్స్ డీన్ కాలిఫోర్నియాలో 550 స్పైడర్‌లో వెళ్తూ ప్రమాదంలో చనిపోయాడు. అప్పటి నుంచి ఈ కారంటే లోకానికి ఆ దుర్ఘటనే గుర్తొస్తుంది. డీన్ మరణం విషాదమే. కానీ వందకు పైగా గంటల చేతిపనితో పుట్టిన యంత్రానికి అదొక్కటే గుర్తింపుగా మిగలడం నాకు బాధ కలిగిస్తుంది.

1956 జూన్‌లో సిసిలీ దీవిలో టార్గా ఫ్లోరియో. ఒక చుట్టు 72 కిలోమీటర్లు, అలాంటివి పది. వంపుల తర్వాత వంపులు. పోర్షే తీసుకెళ్లింది ఒక్క 550ఏ. దాన్ని నడిపింది మరెవరో కాదు, మెక్సికోలో పెద్ద ఫెరారీతో హెర్మన్‌ను వెనక్కి నెట్టిన మాలియోలియే. జట్టు మేనేజర్ హుష్కె ఫాన్ హాన్‌స్టైన్ పేరు రెండో డ్రైవరుగా ఉన్నా, దాదాపు ఎనిమిది గంటలు స్టీరింగ్ మాలియోలి చేతిలోనే ఉంది. రెండో స్థానంలో వచ్చిన 3 లీటర్ల మజెరాటీ కంటే సుమారు పావుగంట ముందు గీత దాటాడు. తరగతి గెలుపు కాదిది, మొత్తం పందెమే గెలిచాడు. ఇంత పెద్ద పోటీలో పోర్షేకు అదే మొదటి సంపూర్ణ విజయం.

అదే ఏడాది ఫూర్మన్ పోర్షేను వదిలి పిస్టన్ రింగులు చేసే గోట్జే కంపెనీలో చేరాడు. ఇంజిన్ మాత్రం పోటీల్లో కొనసాగింది. రోలర్ బేరింగుల స్థానంలో మామూలు బేరింగులు వచ్చాయి, బోరు పెరిగింది, రెండు లీటర్లయింది. ఫూర్మన్ వెళ్లిపోయిన ఎనిమిదేళ్లకు, 1964లో, అదే సిసిలీ కొండదారిలో పోర్షే 904 మళ్లీ టార్గా ఫ్లోరియో గెలిచింది. ఆ కారు వెనక మూత ఎత్తితే కనిపించేది నాలుగు కామ్‌షాఫ్టులు, బెవెల్ గేర్లు, రెక్కల సిలిండర్లు, ఫ్యాను.