మునిగిన తీరము, మిగిలిన రాళ్లు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములవారికి సముద్రము దూరపు మాట. అయినను, ఎల్లారెడ్డి సమీపమున 1931లో పూర్తియైన నిజాంసాగరమును దాటిన మంజీరా జలము కందకుర్తియొద్ద గోదావరిలో గలిసి, తుదకు ఆ సముద్రమునే చేరుచున్నది. ఆ నీటివెంట మనమును ఒకమారు తీరమునకు పోయి చూతము.

నేడు మనము చూచు తీరరేఖ అనాదినుండి అచ్చటనే యున్నదని తలంతుము. అది పొరపాటు. సుమారు 20,000 సంవత్సరములకు పూర్వము, భూమిపై మంచు మిక్కిలిగా పేరుకొనియున్న కాలమున, సముద్రమట్టము నేటికంటె ఇంచుమించు 120 మీటర్లు తక్కువగా నుండెను. విశాఖపట్టణమువద్ద నేడు అలలు విఱుగుచోటికి తూర్పున పలుమైళ్లు పొడినేలయే. మంచు కరుగగా కడలి క్రమముగా పైకి వచ్చి, సుమారు 7,000 సంవత్సరముల క్రిందట నేటి మట్టమును సమీపించెను.

అప్పటికి తెలుగునేలపై నాగలి లేదు, కుండయు లేదు. వేట, అడవికాయలు, దుంపలు, నీటిదరిని చేపలు, నత్తలు - ఇవియే ఆ జనుల జీవనాధారమై యుండవలెను. వారు మనకు విడిచిపోయినవి వ్రేలిగోరంత రాతిపలుకులు. పలుగురాతిని, చెకుముకిరాతిని చీల్చి, ఒక అంచు వాడిగాను, మఱియొకటి మొద్దుగాను చేసి, కఱ్ఱలోనో ఎముకలోనో పొదిగి జిగురుతో బిగించెడివారు. ఒక పలుకు విఱిగినచో దానినే మార్చుకొనవచ్చును, ఆయుధమంతయు చెడదు. ఇది ఎంతటి నేర్పు!

గోదావరి దిగువ ప్రాంతమున దొరికిన ఇట్టి పనిముట్లను గూర్చి 1924లోనే కమియాడ్ వ్రాసెను. 1930లో ఆయనయు బర్కిట్టును ఆగ్నేయ భారత శిలాయుగములను నాలుగు దశలుగా విభజింపగా, ఈ చిన్నరాళ్ల దశ తుదిదయ్యెను. భీమునిపట్టణపు ఎఱ్ఱమట్టి దిబ్బలపైనను ఇట్టివి కనబడినవి.

అయితే, ఒక చిక్కున్నది. తీరవాసుల తొలి మజిలీలు నీటిక్రింద బడినవి. గట్టున మిగిలినది వారి చరిత్రలో ఒక అంచు మాత్రమే. ఆ దిబ్బలను త్రవ్వి, చదునుచేసినచో ఆ అంచును పోవును. రాయి ఏ పొరలో నుండెనో తెలియనిచో అది ఉత్త రాయియే. ఎఱ్ఱమట్టి దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినవి. సంతోషమే, కాని జాబితా కాపలా కాయదు.

మన చేలగట్లమీదను తెల్లని పలుగురాయి కలదు. ప్రతి పలుకును పనిముట్టు కాదు. అయినను, అంచు చెక్కినట్లున్న చిన్నరాయి కంటబడినచో, దానిని కదల్పక, ఆ చోటు గుర్తుంచుకొని, తెలిసినవారిని పిలిచి చూపుదము.