కీబోర్డు వాద్యమునకు క్రొత్త బుద్ధి

కచేరీలలో వాయించు సింథసైజరు కీబోర్డును కొన్నవారికి కొన్నాళ్లకు తయారీదారులనుండి ఒక కబురు అందుచుండును: మీ వాద్యమునకు క్రొత్త ఫర్మ్‌వేరు సిద్ధమైనది అని. వాద్యమును విప్పనక్కరలేదు. తీగ తగిలించి కొన్ని నిమిషములు ఆగినచో, నిన్నటివరకు రాని పని యొకటి అది నేర్చుకొనును. మన వీణకు గాని హార్మోనియమునకు గాని ఈ వెసులుబాటు లేదు. వాటి గుణము కఱ్ఱలోను, తీగలోను, రీడులోను ఉన్నది. సింథసైజరు గుణము మాత్రము చాలవరకు లోపల వ్రాసియున్న ఆజ్ఞలలో ఉన్నది. కాని మొదటినుండియు అట్లు లేదు.

1970లో అమెరికాలో మినీమూగ్ అను వాద్యము వెలువడెను. అంతకు పూర్వపు సింథసైజరులు బీరువాలంత పెట్టెలు. మినీమూగ్‌ను వేదికమీదికి మోసికొనిపోవచ్చును. అయితే దానిలో జ్ఞాపకశక్తి యేమియు లేదు. ఒక పాటకు వేణువు వంటి నాదము, మరొక పాటకు బాకా వంటి నాదము కావలెనన్న, వాయించువాడు నాబులన్నింటిని చేతితో మరల సరిచేసికొనవలెను. అంతకు మించిన చిక్కు శ్రుతి. ఇట్టి వాద్యములలో స్వరస్థాయిని నిర్ణయించునది ట్రాన్సిస్టరు గుండా పోవు విద్యుత్ప్రవాహము. ట్రాన్సిస్టరునకు ఇచ్చు వోల్టేజి కేవలము 18 మిల్లీవోల్టులు పెరిగినచో ప్రవాహము రెట్టింపగును. అనగా స్వరము ఒక స్థాయి పైకి పోవును. ఈ లెక్క ఉష్ణోగ్రతతో మారును. కావున దీపముల వేడికి వాద్యము శ్రుతి తప్పుట సహజమే.

1978లో కాలిఫోర్నియాకు చెందిన సీక్వెన్షియల్ సర్క్యూట్స్ సంస్థ ప్రాఫెట్-5ను ప్రకటించెను. దాని నిర్మాత డేవ్ స్మిత్. నాదమును పుట్టించు వలయములు వెనుకటివలెనే ఉండెను. కాని వాటిపై పెత్తనము జెడ్80 అను మైక్రోప్రాసెసరు చేతికి వచ్చెను. ఏ మీట నొక్కబడినదో చూచుట, 40 నాదముల అమరికలను గుర్తుంచుకొనుట దాని పనులు. ఒక బొత్తాము నొక్కినచో అదియే డోలకముల పౌనఃపున్యమును కొలిచి, శ్రుతిలోని తేడాను లెక్కకట్టి సరిదిద్దును. ఈ పనులను చెప్పు ఆజ్ఞావళియే ఫర్మ్‌వేరు. ఈ మాటను 1967లో ఆషర్ ఓప్లర్ అను అమెరికన్ రచయిత కొంత వేరైన అర్థములో ప్రయోగించెను. గట్టి యంత్రభాగములకును, సులువుగ మారు ప్రోగ్రాములకును నడుమ నుండునది గనుక పేరు బాగుగనే కుదిరినది.

ఆనాడు ఆ ఆజ్ఞలు ఈప్రోమ్ అను చిప్పులలో ఉండెడివి. దీనిని 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ రూపొందించెను. విద్యుద్బంధకముచే చుట్టబడిన సూక్ష్మమైన ద్వారములలో ఎలక్ట్రానులను బంధించి దీనిపై వ్రాయుదురు. చెరిపివేయుటకు చిప్పు నెత్తిన క్వార్ట్జు కిటికీ ఉండును. దానిగుండా సుమారు 20 నిమిషములు అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేసినచో బందీలైన ఎలక్ట్రానులు విడుదలయగును. కావున క్రొత్త ఫర్మ్‌వేరు అనగా ఆ రోజులలో క్రొత్త చిప్పు. స్క్రూడ్రైవరుతో వాద్యమును విప్పి, పాతదానిని సాకెట్టునుండి ఊడదీసి, కాళ్లు వంగకుండ, దిశ తప్పకుండ క్రొత్తదానిని గ్రుచ్చవలెను. సాధారణముగ ఇది మరమ్మతు పనివాని చేతి పనియే గాని గాయకుని పని కాదు.

వాద్యమునకు బయటనుండి మాట చేరవేయు దారి 1983లో ఏర్పడెను. ఆ జనవరిలో ఆనహైము నగరమున జరిగిన వాద్యవర్తకుల ప్రదర్శనలో స్మిత్ సంస్థవారి ప్రాఫెట్-600ను, జపాను రోలాండ్ వారి జూపిటర్-6తో ఒక తీగద్వారా కలిపిరి. ఒకదానిపై వాయించిన రెండవది పలికెను. పోటీదారులైన రెండు సంస్థల వాద్యములు ఒక భాషలో మాటలాడుట చిన్న విషయము కాదు. ఆ భాష పేరు మిడి. స్వరములే గాక, ఆయా సంస్థలు తమ వాద్యములకు మాత్రమే అర్థమగు సందేశములను పంపుకొనుటకు కూడ అందులో వీలు కల్పించిరి. తరువాతి కాలమున ఫర్మ్‌వేరు వాద్యములోనికి ప్రవేశించినది ఈ ద్వారముననే.

ఇచట విద్యార్థులు వేయదగిన లెక్క యొకటి కలదు. మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు పోవును. ఒక్కొక్క బైటుకు ముందొకటి, వెనుకొకటి కలిపి 10 బిట్లు పట్టును గనుక సెకనుకు 3,125 బైట్లు. మరియొక నిబంధన: సమాచార బైటు విలువ 128కి లోబడి ఉండవలెను, అనగా 7 బిట్లే వాడవలెను. ప్రోగ్రాములోని బైట్లకో 8 బిట్లు. అందుచేత ఏడేసి బైట్ల ఎనిమిదవ బిట్లను పోగుచేసి ఎనిమిదవ బైటుగ పంపుట ఒక పద్ధతి. ఈ ప్రకారము 65,536 బైట్ల ఫర్మ్‌వేరు 74,899 బైట్లగును. అది చేరుటకు 24 సెకనులు. లోపల వ్రాసికొను సమయము దీనికి అదనము.

అయితే దారి ఉన్నంతమాత్రమున చాలదు; చిప్పును ఊడదీయకుండగనే చెరిపి వ్రాయగలుగవలెను. తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా 1984లో ప్రకటించిన ఫ్లాష్ జ్ఞాపకము ఆ కొరతను తీర్చెను. దీనికి కిటికీ అక్కరలేదు. విద్యుత్తుతోనే ఒక్కసారిగ ఒక పెద్ద భాగము చెరిగిపోవును.

సౌకర్యముతోబాటు అపాయమును వచ్చెను. పాతది చెరిగి, క్రొత్తది సగము వ్రాయబడిన క్షణమున కరెంటు పోయినచో? మీటలను చూచు ఆజ్ఞలు లేవు, తీగను వినునవియు లేవు. వాద్యము కఱ్ఱమొద్దుతో సమానము. అందుకే జాగ్రత్త గల నిర్మాతలు బూట్‌లోడరు అను చిన్న ప్రోగ్రామును చెరపరాని చోట వేరుగ ఉంచుదురు. అది పాట వాయింపలేదు. క్రొత్త ఫర్మ్‌వేరును మరల అడిగి తీసికొనుట ఒక్కటే దానికి తెలిసిన విద్య. అది ఉన్నను కచేరీనాటి ఉదయము ఈ పనికి పూనుకొనుట తెలివి కాదని నా అభిప్రాయము. వాద్యము బ్రదికియున్నను, అలవాటైన మీట ఒకటి వేరు విధముగ ప్రవర్తించినచో వేదికమీద దానిని తెలిసికొనుటకు వ్యవధి ఉండదు.

నిర్మాతయే లేనప్పుడో? సీక్వెన్షియల్ సర్క్యూట్స్ 1987లో మూతబడెను. ప్రాఫెట్-600లో ఒక లోపము మిగిలిపోయెను. నాదము పుట్టి, పెరిగి, తగ్గు తీరును మినీమూగ్‌లో కెపాసిటరు నిండుట, ఖాళీయగుట నిర్ణయించెడివి. అది నునుపైన వంపు. ప్రాఫెట్-600లో ఆ పని ఫర్మ్‌వేరునకు అప్పగింపబడెను. ఆరు స్వరములకు ఒక్క జెడ్80 వంతులవారీగ లెక్కలు కట్టుచుండుటచే వంపు మెట్లుమెట్లుగ విరిగి, చెవికి గరుకుగ తోచును. వలయములు మంచివే, బుద్ధియే మందము. ముప్పది యేండ్ల తరువాత, 2010 దశకమున, ఆ సంస్థతో సంబంధము లేని ఒక ఇంజనీరు దానికి క్రొత్త ఫర్మ్‌వేరును వ్రాసి ఉచితముగ పంచెను. జెడ్80ను సాకెట్టునుండి తీసి, ఆ చోట వేగము గల ప్రాసెసరు ఉన్న చిన్న పలకను అమర్చవలెను. నాదము నునుపెక్కినది. పాత గరుకుదనమునే ఇష్టపడువారు జెడ్80ను పారవేయక దాచుకొనుట మంచిది. మరల గ్రుచ్చినచో 1983 నాటి వాద్యమే పలుకును.