సందుల్లో సైకిలు, తెరమీద ఊరు

సినిమా కథ చెప్పడం నేర్చుకుంటున్న రోజుల్లో దానికి ముందుగా చేతికందిన సరుకు పరుగు. 1901లో ఇంగ్లండులో జేమ్స్ విలియమ్సన్ తీసిన ‘స్టాప్ థీఫ్’లో ఒక దిమ్మరి మాంసం ముక్క ఎత్తుకుని పారిపోతాడు. వాడి వెంట కసాయి, కుక్కలు. అంతే కథ. కానీ ఒక వీధి మలుపులో కనుమరుగైన మనిషి మరుక్షణం ఇంకో వీధిలో ప్రత్యక్షమైతే, రెండు ముక్కలనూ మనసులో అతికించుకోవడం ప్రేక్షకుడికి అలవాటయింది అలాంటి బొమ్మలతోనే. దానికి సెట్టింగులు అక్కర్లేదు. వీధి ఉంటే చాలు.

ఆ వీధే తెలుగు సినిమాకి చాలాకాలం లేకపోయింది.

ఈ మాట మద్రాసు తెలుగువాళ్ళకి చివుక్కుమనిపించవచ్చు. తెలుగు సినిమా పుట్టి పెరిగింది మన కోడంబాకం, వడపళని పరిసరాల్లోనే కదా! నిజమే. వాహినీ, విజయా ఫ్లోర్లలో పల్లెలు లేచాయి, ద్వారకలు లేచాయి, కాలేజీలు కూడా లేచాయి. స్టూడియో గేటు దాటితే మాత్రం బస్సు మీద తమిళం, దుకాణం మీద తమిళం, గోడమీది ఎన్నికల రాతల్లో తమిళం. కథ బెజవాడలోనో హైదరాబాదులోనో జరుగుతున్నట్టు చెప్పుకునే సినిమాకి ఆ వీధి పనికిరాదు. దానికితోడు పాతకాలపు బరువు కెమెరాలు, రద్దీలో మాటలు శుభ్రంగా రికార్డు చేయలేని ఇబ్బంది, తారలను చూడటానికి ఎగబడే జనం. అందుకని వీధిని కూడా ప్లైవుడ్డుతో కట్టేవారు. ఆ వీధిలో నడిచేవాళ్ళంతా రోజుకూలీ తీసుకున్న ఎక్స్‌ట్రాలే. ఆ ఎక్స్‌ట్రాల్లో, వడ్రంగుల్లో, లైట్ బాయ్‌లలో మనవాళ్ళు ఎందరో ఉండేవారు. తెలుగు తెరకు వీధులు కట్టింది మద్రాసు చేతులే. వాళ్ళు రోజూ నడిచే వీధి మాత్రం తెరకెక్కలేదు.

1959లో ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా హైదరాబాదులో, సారథీ స్టూడియోలో తయారై, తెలుగు సినిమా అక్కడ కూడా బతకగలదని చూపించింది. 1965లో ఆదుర్తి సుబ్బారావు అందరూ కొత్తవాళ్ళతో తీసిన ‘తేనె మనసులు’లో కృష్ణ స్కూటరు మీద కారును వెంబడించి, డూపు లేకుండా దానిలోకి దూకాడు. ఆ ఒక్క సాహసం చూసే డూండీ అతనికి ‘గూఢచారి 116’లో వేషమిచ్చాడని చెప్పుకుంటారు. అయితే అది హీరో ధైర్యాన్ని చూపే దృశ్యం. ఊరిని చూపేది కాదు.

ఊరిని పట్టుకోవడం ఎలాగో 1959 వేసవిలో పారిస్‌లో గొదార్ చూపించాడు. ‘బ్రెత్‌లెస్’ కోసం ఛాయాగ్రాహకుడు రావుల్ కుటార్ టపా బండిలో దాక్కుని, దానికి పెట్టిన కంతలోంచి షాంజెలిజేలో నడుస్తున్న నాయికా నాయకులను తీశాడు. ట్రాలీకి బదులు చక్రాల కుర్చీ. మాటలు తర్వాత డబ్బింగు చేసుకున్నారు. చుట్టూ ఉన్న జనం ఎవరూ నటులు కారు. చాలామందికి షూటింగు జరుగుతోందనే తెలియదు. డబ్బులేమి నుంచి పుట్టిన ఈ ఉపాయాలు తర్వాత ప్రపంచంలోని సినిమా విద్యార్థులందరికీ పాఠాలయ్యాయి.

మిగిలిన చిక్కు పరుగుది. కెమెరాను భుజాన వేసుకుని పరిగెడితే బొమ్మ అదిరిపోతుంది, పట్టాలు వేస్తే వీధి మూసేయాలి. 1970ల నడుమ అమెరికాలో గారెట్ బ్రౌన్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. మనిషి ఒంటికి బిగించిన కవచం, దాని నుంచి స్ప్రింగుల చెయ్యి, చేతి చివర ఒక కడ్డీ. కడ్డీ పైన కెమెరా, కింద బరువు సరితూగేలా బ్యాటరీ, చిన్న తెర. మన కావడివాడు నడకలోని కుదుపును బద్ద వంపులో మింగేసి కుండలో నీళ్ళు తొణకకుండా తెస్తాడు చూడండి, ఇంచుమించు అదే కిటుకు. దాని పేరు స్టెడీకామ్. 1976లో వచ్చిన ‘రాకీ’లో ఫిలడెల్ఫియా వీధుల పరుగుతో అది లోకానికి పరిచయమైంది.

తెలుగులో దానికి ఊరూ పేరూ తెచ్చిన సినిమా 1989 అక్టోబరు 5న విడుదలైన ‘శివ’. అన్నపూర్ణ స్టూడియోస్ పతాకం మీద అక్కినేని వెంకట్, యార్లగడ్డ సురేంద్ర నిర్మాతలు, ఛాయాగ్రహణం ఎస్. గోపాలరెడ్డి, సంగీతం ఇళయరాజా. దర్శకుడు రాంగోపాల్ వర్మకు అప్పటికి 27 ఏళ్ళు. బెజవాడలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో వీడియో కేసెట్ల దుకాణం నడిపినవాడు. అంతవరకూ మన సినిమాల్లో కాలేజీ అంటే పాటలు పాడుకునే తోట. అతను దాన్ని ఊరి రౌడీ రాజకీయానికి పెరటి గుమ్మంగా చూపాడు.

శివ అనే విద్యార్థి అన్నకూతుర్ని సైకిలు మీద ఎక్కించుకుని వెళ్తుంటే రౌడీలు వెంటపడతారు. గుర్రాల్లేవు, ఎగిరే కార్లు లేవు. సైకిలు, చిన్నపిల్ల, ఇరుకు సందులు. పాటా లేదు, పంచ్ డైలాగూ లేదు. ఊపిరి ఆడని ఆ కాసేపట్లో మనం చూసేది నాగార్జున వీరత్వాన్ని కాదు, ఒక ఊళ్ళో మామూలు మనిషికి దాక్కునే చోటు ఎంత తక్కువో! ఆ సినిమా గురించి ఎవరినడిగినా ముందు సైకిలు చైను సంగతి చెబుతారు. నా మటుకు నాకు ఈ సైకిలు పరుగే గొప్పది. చైను హీరోది. ఆ సందులు అందరివీ.

‘శివ’ను 1990లో ‘ఉదయం’ పేరుతో తమిళంలోకి డబ్బింగు చేస్తే ఇక్కడ బాగా ఆడింది. ఎంత విచిత్రం! ఏళ్ళ తరబడి మద్రాసు వీధి కంటపడకుండా తెలుగు సినిమాలు తీశారు. చిత్రసీమ మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు చేరాక, హైదరాబాదు వీధి తమిళం మాట్లాడుతూ మద్రాసుకు వచ్చింది. డబ్బింగు నోటిమాటనే మార్చగలదు, దుకాణం బోర్డును మార్చలేదు కదా. ఫ్లోర్లు ఖాళీ అయి పని కోసం వెతుక్కుంటున్న మన స్టూడియో కార్మికులు ఆ సినిమాను ఏ కళ్ళతో చూసి ఉంటారో ఊహించుకోవలసిందే. రాయితీల లెక్కలూ, ప్రభుత్వాల పిలుపులూ చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కాయి. వడపళనిలో మిగిలిపోయినవాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు.

వర్మ తర్వాత బొంబాయి వెళ్ళి 1998లో ‘సత్య’ తీశాడు. గణేశ నిమజ్జనం సందడిని కథ ముగింపులో కలిపేశాడు. కామాఠీపురకు తమ పేరునే ఇచ్చిన తెలుగు కూలీల నగరం అది. అయినా ఆ కథలో వాళ్ళకు చోటు లేదు. అది వేరే వ్యాసం.

రద్దీ వీధిలో పరుగు తీయడంలో ఒక పాపం కూడా ఉంది. 1971లో ‘ఫ్రెంచ్ కనెక్షన్’ కోసం విలియం ఫ్రీడ్కిన్ బ్రూక్లిన్‌లో, పైన రైలు కింద కారుగా, వీధి మూయకుండానే కొంత భాగం తీశాడు. కెమెరామన్లు పెళ్ళాం పిల్లలున్నవాళ్ళని, వెనకసీట్లో కూర్చుని ఒక కెమెరా తనే పట్టుకున్నాడు. దారిన పోయేవాళ్ళకీ పెళ్ళాం పిల్లలుంటారు కదా! ఎవరూ చావకపోవడం అదృష్టమనీ, మళ్ళీ అలాంటి పని చేయననీ తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. సినిమాకి ఆస్కార్లు వచ్చాయి. ఇప్పటికీ కుర్రవాళ్ళు ఆ సాహసాన్నే చెప్పుకుంటారు, ఒప్పుకోలును కాదు.

‘శివ’ 2025 నవంబరులో కొత్త హంగులతో మళ్ళీ విడుదలైంది. ఆ సందర్భంలో వర్మ ఆనాటి సైకిలు మీది పాపకు, ఇప్పుడు పెద్దదైన ఆమెకు, బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. అంత చిన్నపిల్లను అంత ప్రమాదంలో పెడుతున్నానని అప్పుడు తనకు తోచలేదని. తెర చూస్తూ మనం ఊపిరి బిగబట్టింది శివ కోసమని అనుకున్నాం. సైకిలు మీద నిజంగా భయపడటానికి కారణమున్న మనిషి ఆ పాప.