గ్రంథాలయములో చలనచిత్రము

ఎరువు సొమ్ము బరువు చేటని మన సామెత. ఈ సామెతకు లొంగని సొమ్ము ఒకటున్నది: గ్రంథాలయమునుండి తెచ్చుకొను పుస్తకము. ఆ పుస్తకము సరసన చలనచిత్రమునకు చోటు దొరకుటకు మాత్రము చాల కాలము పట్టినది.

అందుకు మొదటి ఆటంకము నిప్పు. తొలినాటి ఫిల్ము నైట్రేటుతో తయారైనది. అది ఇట్టే అంటుకొనును. అంటుకొన్నచో నీట ముంచినను ఆరదు. అట్టి వస్తువును పుస్తకముల నడుమ ఎవరుంచగలరు? 1923లో కోడక్ సంస్థ సులభముగా మండని 16 మిల్లీమీటర్ల ఫిల్మును విపణికి తెచ్చినది. దానితో పాఠశాలలోను, ఇంటిలోను గూడ బొమ్మ చూడ వీలైనది.

రెండవది నిర్లక్ష్యము. ఆడి ముగిసిన చిత్రమునకు విలువ లేదని తలచి, ఎన్నో ప్రతులను అందలి వెండి కొరకు కరిగించిరి. తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ 1931లో విడుదలైనది. నేడు దాని ప్రతి ఒక్కటియు లభించుట లేదు. 1935లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియము ఐరిస్ బారీ అను విదుషి నిర్వహణలో ఫిల్ము గ్రంథాలయమును నెలకొల్పి, పాత చిత్రములను సేకరించి, కళాశాలలకు అద్దెకు పంపసాగినది. మన దేశమున పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో వెలసినది.

మూడవది హక్కు. ఒక అమెరికా ప్రకాశకుడు తన నవలను డాలరుకు తక్కువకు అమ్మరాదని పుస్తకములోనే అచ్చువేసినాడు. ఒక అంగడివారు దానిని 89 సెంట్లకే అమ్మిరి. తగవు సుప్రీంకోర్టుకెక్కినది. ఒకసారి అమ్మిన ప్రతిపై ప్రకాశకునకు అట్టి అదుపు ఉండదని 1908లో తీర్పు వచ్చినది. అయితే చిత్రనిర్మాతలు ఫిల్మును అమ్మక, అద్దెకే ఇచ్చుచుండిరి గనుక ఈ తీర్పు చలనచిత్రమునకు అక్కరకు రాలేదు. వీడియో క్యాసెట్టు, ఆపై డీవీడీ అంగట అమ్మకమునకు వచ్చిన పిదపనే అమెరికా గ్రంథాలయములు కొత్త చిత్రములను కొని, పుస్తకములవలె ఎరువిచ్చినవి.

ఇప్పుడు చిత్రము అంతర్జాలమున ప్రవహించుచున్నది. అక్కడ కొనుగోలు లేదు; చూచుటకు అనుమతి మాత్రమే కలదు. కానపీ అను సేవలో పాఠకుడు చిత్రము చూచినప్పుడెల్ల గ్రంథాలయము రుసుము చెల్లించవలసి వచ్చెడిది. ఆ భారము మోయలేక న్యూయార్కు నగరములోని మూడు గ్రంథాలయ సంస్థలు 2019 జులైలో దానిని విరమించినవి. పాఠకులు పెరిగిన కొలది గ్రంథాలయము సంతోషించవలెను గాని భయపడవలసి వచ్చుట ఎంత వింత!

తనది కాని దానిని ఎవరును ఎరువీయలేరు. బీరువాలోని ఆ పాత డీవీడీ చూపునకు అల్పమే. కాని అది గ్రంథాలయమునకు సొంతము. కనుకనే మనకును అందుచున్నది.