మందును అరిగించుకున్న దోమ

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి గోదావరి డెల్టా చరిత్రను నీటి చరిత్రగానే చెప్పుకుంటున్నాం. కాటన్ దొర కాలువలు ఈ సీమ దశ తిప్పిన మాట నిజమే. కానీ గత అర్ధశతాబ్దపు సేద్యం అర్థం కావాలంటే వరి దుబ్బు మొదట్లో గుంపు కట్టి రసం పీల్చే సుడిదోమ చరిత్ర కూడా చదవాలి. 1960ల దాకా ఉష్ణమండల ఆసియాలో అది చిన్న పురుగుల్లో ఒకటి. పొట్టి వంగడాలు, యూరియా మోతాదులు, సార్వా (ఖరీఫ్) వెంట దాళ్వా (రబీ) కలిసి దానికి ఏడాదిలో ఎక్కువ కాలం తిండి, నీడ సమకూర్చాయి. పైన కొట్టిన మందు దోమను తినే సాలీళ్లనూ మిరిడ్ నల్లులనూ చంపింది. ఆకు తొడిమల్లో దాగిన దోమ గుడ్లు మిగిలిపోయాయి. దోమను పెద్ద శత్రువుగా పెంచింది చాలావరకు మన సేద్యమే.

ఆ పెంపకం దోమ ఒంట్లోకీ చేరింది. 1990లలో వచ్చిన ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు మొదట బ్రహ్మాండంగా పనిచేసింది. 2000లు సగానికి వచ్చేసరికి ఆసియాలో పలుచోట్ల దాని పదును తగ్గింది. కారణం దోమ జీవక్రియలో ఉంది. పీ450 కుటుంబానికి చెందిన ఎంజైములు విషాన్ని విరిచి నిరపాయకరంగా మారుస్తాయి. వాటిలో సీవైపీ6ఈఆర్1 ఎక్కువగా తయారయ్యే దోమలే మందు వానలో బతికి పిల్లల్ని కన్నాయి. పైగా చావుకు చాలని మోతాదు తగిలితే ఇలాంటి ఎంజైముల ఉత్పత్తి కొంతసేపు పెరగవచ్చు. కొన్ని మందుల విషయంలో దోమ గుడ్లు పెట్టడం కూడా పెరిగింది. అరకొర పిచికారీ ఖర్చు దండగే కాదు, ఎదురుదెబ్బ కూడా.

మందు మానేస్తే పంట దక్కుతుందా అన్నది న్యాయమైన ప్రశ్నే. 1986లో ఇండోనేషియా వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది, దిగుబడి కుప్పకూలలేదు. మన దగ్గర మార్టేరు పరిశోధన స్థానం దోమను తట్టుకునే వంగడాలను అందించింది. వాటిలో ఎంటీయూ 1010 'కాటన్‌దొర సన్నాలు' పేరుతో రైతులకు చేరింది. విత్తనాన్నీ దోమ జయిస్తుంది కదా అనవచ్చు. నిజమే, 1973లో విడుదలైన, దోమను తట్టుకునే ఐఆర్26 వంగడం కొన్నేళ్లకే దోమకు లొంగింది. అందుకే ఒక్క ఆయుధాన్నే నమ్ముకోకూడదు. రెండు మీటర్లకొక కాలిబాట, మధ్యమధ్య పొలం ఆరబెట్టడం, నత్రజని తగ్గించడం తోడు కావాలి.

మందుకు విరామమివ్వడంలో మరో లాభముంది. ఇమిడాక్లోప్రిడ్‌ను తట్టుకునే దోమలు ప్రయోగశాలలో మామూలు వాటికన్నా తక్కువ సంతానాన్నిచ్చాయి; విషాన్ని విరిచే శక్తికి ఒంటి నుంచే మూల్యం చెల్లించాలి. పిచికారీ ఆగితే ఆ శక్తి వాటికి భారమే. అయితే దోమ గాలివాటున గట్లు దాటుతుంది కాబట్టి ఒక్క రైతు ఆగితే చాలదు. వంతులు వేసుకుని నీరు వాడుకున్న ఆయకట్టు, మందు వాడకాన్ని కూడా ఉమ్మడి నిర్ణయంగా చేసుకోవాలి.