ఎవరి ఆయుష్షు, ఎవరి సగటు?

నూరేళ్లలో భారతీయుడి ఆయుష్షు మూడు రెట్లు దాటి పెరిగిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 1911-21 మధ్య పుట్టిన బిడ్డకు సుమారు 20 ఏళ్లు. 1941-51లో 32. 1970-75లో దాదాపు 50. 2016-20లో 70. ఈ అంకెలు అబద్ధాలని అనడం లేదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల మాల మాదిగ పల్లెలకు కూడా ఇదే లెక్కా అని అడుగుతున్నాం.

ముందు ఒక అపోహ పోవాలి. 20 ఏళ్లంటే అందరూ ఇరవయ్యో ఏట పోయారని కాదు. ఏడాది తిరక్కుండానే పోయిన పసిబిడ్డలు సగటును కిందికి లాగారు. ఆ దశాబ్దంలోనే 1918 ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. అది కులం చూడలేదనుకుంటాం. బొంబాయి నగరంలో చావుల్ని విడదీసి లెక్కగట్టారు: 'తక్కువ కులాల' హిందువుల్లో వెయ్యికి 61.6 మంది, మిగతా హిందువుల్లో 18.9, యూరోపియన్లలో 8.3. రోగం ఒకటే. ఇరుకు గది, ఖాళీ కడుపు, డాక్టరు తొక్కని గడప మాత్రం అందరివీ కావు.

మరి పల్నాటికి ఇలాంటి లెక్క ఏదీ? 1832-33 నందన కరువులో గుంటూరు జిల్లా జనంలో సుమారు మూడో వంతు పోయారని అంచనా. పల్నాడు అప్పుడు ఆ జిల్లాలోదే. కూలోళ్ల ఇంట్లో గింజలుండవు, కొనుక్కోవాలి. ధర పెరిగితే ముందు పోయేది వాళ్లే. ఆ అంచనాలో వాళ్లకు విడిగా చోటు లేదు.

తర్వాతి కాలంలో జనన మరణాలు రాసే పని గ్రామ మునసబుది. ఇక్కడో విడ్డూరం ఉంది. ఊళ్లో ఎవరు పోయినా కబురు మోసింది వెట్టివాడు, డప్పు కొట్టింది మాదిగ, గొయ్యి తవ్వింది మనవాళ్లే. ఊరి చావులన్నీ మన కాళ్లమీద, చేతులమీద నడిచాయి. రిజిస్టరు మాత్రం ఇంకొకరి ఇంట్లో ఉంది. (ఆ పదవులు 1984లో గానీ పోలేదు.) పల్లెలో నెల బిడ్డ పోతే ఆ గడప దాకా వెళ్లి చెప్పేదెవరు? చెప్పినా పై లెక్కల్లో మతమే తేలేది, కులం తేలేది కాదు. పల్నాట్లో దీనికి ఇంకో మెలిక పడింది. 1849లో ఫాదర్ హేయర్ గురజాల వచ్చాక లూథరన్ మిషన్‌లో, ఆ తర్వాత బాప్టిస్టు మిషన్‌లో మనవాళ్లు చేరారు. ఒకే పల్లెలో అన్న హిందువు, తమ్ముడు క్రైస్తవుడు. ఒకే బావి నీళ్లు తాగి ఒకే కలరాకు పోయినా రెండు గడుల్లో పడ్డారు.

1950ల తర్వాత పల్లెలోనూ ఆయుష్షు పెరిగింది, కాదనలేం. మశూచి టీకాలు వచ్చాయి, డి.డి.టి. వచ్చింది. 1967లో సాగర్ నీళ్లు వదిలారు. అవి పారింది భూమి ఉన్నోళ్ల చేలల్లో, మనకు పెరిగింది కూలిపని. రెంటచింతల ఎండ రాష్ట్రమంతటికీ తెలుసు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో, మళ్లీ 2015లో, వడదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు. ఎండలో మిరపకాయలు కోసేదెవరో పల్నాట్లో వేరే చెప్పాలా?

2010-11 సర్వే ఆధారంగా 2022లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం అగ్రకుల హిందువులకంటే దళితుల ఆయుర్దాయం మూడేళ్లకు పైగా తక్కువ. ఆ తేడాలో సగం కూడా ఆస్తి అంతస్తులతో తేలలేదు. అయితే ఆ సర్వే తొమ్మిది రాష్ట్రాల్లో జరిగింది, ఆంధ్రప్రదేశ్ వాటిలో లేదు. అగ్రకుల స్త్రీకంటే దళిత స్త్రీ 14.6 ఏళ్లు ముందే చనిపోతుందని 2018 ఐక్యరాజ్యసమితి నివేదిక నుంచి మనమూ చెబుతుంటాం. అది చనిపోయినవారి సగటు వయసు, ఆయుర్దాయం కాదు. పిల్లలు, యువకులు ఎక్కువున్న జనంలో ఆ సగటు దానంతటదే తగ్గుతుంది. మన వాదన గట్టిదే, అంకె తప్పు వాడి దాన్ని పల్చన చెయ్యొద్దు.

ఇవాళ్టి మరణ నమోదు ఫారంలోనూ మతం గడి ఉంది, కులం గడి లేదు. చర్చిల్లో బాప్తిస్మం పుస్తకం, సమాధి పుస్తకం రాసే ఆచారం ఉంది. పాతవి ఎక్కడ మిగిలినా, ఒకే పేరును రెండింటిలోనూ వెతికి పుట్టిన ఏడు, పోయిన ఏడు పక్కపక్కన రాయడం మన విద్యార్థులు చెయ్యగల పనే. చెదలు పట్టకముందే మొదలుపెట్టాలి.