గంజాం జిల్లా బోర్డు: 'బోర్డు బడి' నడిపిన సంస్థ

గంజాం జిల్లా బోర్డు మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఈ జిల్లా పల్లెల్లో రోడ్లు, బడులు, ఆసుపత్రులు, సత్రాలు చూసుకున్న స్థానిక సంస్థ. మన పెద్దలు 'బోర్డు బడి' అన్నప్పుడు ఆ బోర్డు ఇదే. బరంపురం పట్టణం మాత్రం దీని కింద లేదు. అక్కడ 1867 నుంచే మునిసిపాలిటీ ఉంది.

1871 నాటి లోకల్ ఫండ్స్ చట్టం కింద భూమిపై సెస్సు వసూలు చేసి ఖర్చుపెట్టే ఏర్పాటు దీనికి మూలం. 1882లో వైస్రాయి రిప్పన్ తీర్మానం వెలువడ్డాక, 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. పైన జిల్లా బోర్డు, మధ్య తాలూకా బోర్డులు, కింద యూనియన్లు. వేల్స్ దేశంలో కౌంటీ కౌన్సిళ్లు మొదలైంది 1889లో. మన చట్టమే ఐదేళ్లు ముందుది. అయితే అక్కడ ఓటర్లు ఎన్నుకునేవారు, ఇక్కడ కలెక్టరే అధ్యక్షుడు. 1920 చట్టంతోగానీ ఎన్నికైనవారి మాటకు బలం రాలేదు. తాలూకా బోర్డులు 1934లో పోయాయి.

అప్పటి గంజాం చిలక సరస్సు నుంచి చికాకోలు దాకా ఉండేది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అన్నీ ఒకే జిల్లా. ఒరియా, తెలుగు రెండూ బోర్డుకు ఇంటి భాషలే. ఫలానా ఊళ్లో తెలుగు బడి ఎందుకని అడిగే అవసరం ఉండేది కాదు.

ఓడొనెల్ కమిటీ 1932లో సరిహద్దు నివేదిక ఇచ్చింది. దాని గీత అలాగే నిలవలేదు. పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి పట్టుదలతో ఆ ఎస్టేటు రెండుగా చీలింది, పట్టణం ఒడిశాకు వచ్చింది. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం ఏర్పడింది. దక్షిణ తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. బరంపురానికి పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం వేరే రాష్ట్రమైపోయింది.

విచిత్రమేమంటే, రాష్ట్రం మారినా గంజాంలో మద్రాసు లోకల్ బోర్డుల చట్టమే నడిచింది. కటక్ వైపు బీహారు–ఒడిశా చట్టం. 1961 జనవరి 26న జిల్లా పరిషత్తులు వచ్చాయి. అవి 1968లో రద్దయ్యాయి. మళ్లీ ఎన్నికైన జిల్లా పరిషత్తు 1997లోనే. మధ్యలో, 1992లో, పర్లాకిమిడి కేంద్రంగా గజపతి జిల్లా వేరుపడింది.

బోర్డు పోవడంతో మనకు మారింది ముఖ్యంగా బడి సంగతి. అప్పట్లో తెలుగు బడి మామూలు బోర్డు పని. ఇప్పుడది భాషా మైనారిటీ హక్కు. 1956లో చేర్చిన రాజ్యాంగ 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధన గురించి చెబుతుంది. అంటే అడగాలి, పిల్లల సంఖ్య చూపాలి, పంతులు పోస్టు కోసం అర్జీ పెట్టాలి.

తాతల నాటి బోర్డు కాగితాలు వెతికేవారు ఒక్కటి గమనించాలి: 1936కు ముందు మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌నూ, తర్వాతి వాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌నూ అడగాలి.